గ్యారేజీ గోడ మీద లేజర్ ముగ్గు

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో సంక్రాంతి అంటే గుమ్మం ముందు మంచే. తెల్లటి మంచు మీద తెల్లటి ముగ్గు ఏం కనపడుతుంది? పోనీ రంగులు చల్లుదామంటే అరగంటలో కొత్త మంచు కప్పేస్తుంది. మొన్నామధ్య మా మూడు కుటుంబాలూ ఒకచోట భోజనాలకు కూర్చున్నప్పుడు, మాలో ఒకరి కూతురు (తొమ్మిదో తరగతి) అడిగింది... "లేజర్‌తో గోడ మీద వేస్తే?" అని. సోల్డరింగ్ ఐరన్ పట్టి ఇరవై ఏళ్లు దాటిన మాకు ఒక్కసారి చేతులు దురద పెట్టాయి.

మొదట సంక్రాంతి సంబరాల హాల్లోనే వేసేద్దామనుకున్నాం. అడిగి చూస్తే తెలిసింది... ఇక్కడ జనం ముందు లేజర్ షో చేయాలంటే 5 మిల్లీవాట్లు దాటకూడదు. దాటితే ఎఫ్‌డీఏ నుంచి ప్రత్యేక అనుమతి ఉండాలి. మందులూ తిండీ చూసే ఆ సంస్థే లేజర్లనూ చూస్తుంది మరి. అంత తతంగం మనకెందుకని హాలు మానేసి గ్యారేజీకి దిగాం. 5 మిల్లీవాట్ల గీత మాత్రం అక్కడా దాటకూడదని ఒట్టు పెట్టుకున్నాం. చూసేది మన పిల్లలే కదా!

అంత తక్కువ వెలుగులో ముగ్గు కనపడాలంటే రంగు చూసి ఎంచుకోవాలి. 650 నానోమీటర్ల ఎరుపు కన్నా 520 నానోమీటర్ల ఆకుపచ్చ మన కంటికి ఆరు రెట్లకు పైగా కాంతివంతంగా కనిపిస్తుంది. చవగ్గా దొరికే ఆకుపచ్చ పాయింటర్ ఒకటి విప్పేస్తే పోలా అని కొందరు సలహా ఇచ్చారు. వద్దన్నాం. ఆ పాతరకం పాయింటర్లలో ముందు కంటికి కనపడని పరారుణ కాంతి పుడుతుంది. దాన్ని స్ఫటికాల గుండా పంపి 532 నానోమీటర్ల ఆకుపచ్చగా మారుస్తారు. మిగిలిపోయిన పరారుణాన్ని ఆపే ఫిల్టర్ లేకపోతే అదంతా బయటికొచ్చేస్తుంది. 2010లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ పరీక్షించిన ఓ చవక పాయింటర్ నుంచి 20 మిల్లీవాట్ల దాకా పరారుణం వచ్చింది. అది కనపడదు కాబట్టి కన్ను మూసుకోదు. అందుకే నేరుగా ఆకుపచ్చ కాంతినిచ్చే డయోడే కొన్నాం.

కరెంటే ప్రాణం, కరెంటే గండం

మా ఊరికి దగ్గర్లోనే మరే హిల్ ఉంది. అక్కడి బెల్ ల్యాబ్స్‌లో 1970లో హయాషి, పానిష్ అనే ఇద్దరు, మామూలు గది వేడిలో ఆగకుండా వెలిగే లేజర్ డయోడ్ చేసి చూపించారు. అదే ఏడాది రష్యాలో అల్ఫెరోవ్ బృందమూ చేసింది. 1962లో జనరల్ ఎలక్ట్రిక్‌లో రాబర్ట్ హాల్ వెలిగించిన తొలి డయోడ్‌కి ద్రవ నత్రజని చలి కావాల్సి వచ్చింది. అంతటి వస్తువు ఇప్పుడు పప్పుబద్దంత సైజులో ఇంటికొస్తుంది. దాన్ని చంపడానికి మాకు ఒక్క సాయంత్రం పట్టింది!

బల్బుకి ఇచ్చినట్టు దీనికి వోల్టేజీ ఇచ్చి ఊరుకుంటే కుదరదు. డయోడ్ వేడెక్కేకొద్దీ అదే వోల్టేజీకి ఎక్కువ కరెంటు లాగుతుంది, దాంతో ఇంకా వేడెక్కుతుంది. అలా తనను తానే కాల్చుకుంటుంది. అందుకని కరెంటును కట్టడి చేసే డ్రైవర్ కావాలి. మేం కాలేజీ రోజుల నాటి ఎల్ఎం317 చిప్పే వాడాం. అది తన రెండు కాళ్ల మధ్య ఎప్పుడూ 1.25 వోల్టులు నిలబెడుతుంది. అక్కడ 25 ఓముల రెసిస్టర్ పెడితే 50 మిల్లీయాంపులు పారతాయి, అంతకు మించవు. తిప్పి సర్దుకునే రెసిస్టర్ పెట్టుకోవచ్చు గానీ, దానికి వరసలో మామూలు రెసిస్టర్ ఒకటి తప్పనిసరి. లేకపోతే పొరపాటున సున్నాకి తిప్పినరోజు అంతే సంగతులు.

అంతా సరిగ్గానే కట్టాం. మరి మొదటి డయోడ్ ఎలా పోయిందంటారా? డ్రైవర్‌ని ముందు ఆన్ చేసి, తర్వాత డయోడ్ తీగలు తగిలించాం. ఏమీ తగిలించకుండా ఆన్ చేస్తే డ్రైవర్ అవుట్‌పుట్ పది వోల్టుల దాకా లేస్తుంది. అక్కడున్న కెపాసిటర్ దాంతో నిండి కూర్చుంటుంది. తీగ తగలగానే ఆ నిండుకుండ ఒక్కసారిగా డయోడ్‌లోకి దిగింది. కాంతి బయటికొచ్చే అద్దంలాంటి కొస క్షణంలో కాలిపోయింది. చిత్రమేమిటంటే డయోడ్ ఇంకా వెలుగుతూనే ఉంది, మామూలు ఎల్ఈడీలా మసకగా! లేజర్ మాత్రం పోయింది.

రెండోసారి బుద్ధిగా ముందు డమ్మీ లోడు కట్టాం. ఎనిమిది మామూలు డయోడ్లు వరసగా, వాటితోపాటు ఒక ఓము రెసిస్టర్. దాని మీద ఎన్ని మిల్లీవోల్టులు చూపిస్తే అన్ని మిల్లీయాంపులన్నమాట. 50 చూపించాక ఆపేసి, కెపాసిటర్ ఖాళీ చేసి, అప్పుడు అసలు డయోడ్ సోల్డర్ చేశాం.

ఇంకో శత్రువు ఇక్కడి చలికాలం. హీటర్లకి గాలి ఎండిపోయి, కార్పెట్ మీద నడిచి తలుపు గొళ్లెం పట్టుకుంటే చురుక్కుమంటుంది కదా. ఆ చురుకు మనకు తెలిసిందంటే అప్పటికే మూడువేల వోల్టుల దాకా ఉన్నట్టు. డయోడ్‌కి అంతకంటే ఎంతో తక్కువ చాలు. చేతికి ఎర్త్ పట్టీ కట్టుకోకుండా దాన్ని ముట్టుకోనివ్వలేదు ఎవ్వర్నీ.

నూరో వంతు మర

డయోడ్ వెలిగితే గోడ మీద సన్నటి చుక్క పడుతుందనుకునేరు! వెలుతురు విసనకర్రలా విచ్చుకుంటుంది. ఒక దిశలో ఏడు డిగ్రీలు, అడ్డంగా ఇరవైకి పైగా. దాన్ని కట్టకట్టి తిన్నగా పంపేది కటకం. మాది 4 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న గాజు కటకం, ఇత్తడి గొట్టంలో మరలా తిరుగుతుంది. ఒక చుట్టుకి అర మిల్లీమీటరు కదులుతుంది. చూడ్డానికి తేలికే. కానీ లెక్క వేస్తే నాభి నుంచి పదో వంతు మిల్లీమీటరు జరిగితే చాలు, కాంతి 16 సెంటీమీటర్ల దగ్గరే కలిసిపోయి ఆపైన చెదిరిపోతుంది. మూడు మీటర్ల దూరంలోని గోడ మీద కుదరాలంటే ఆ మరని చుట్టులో నూరో వంతు తిప్పాలి! ఊగుతున్న మరకి ప్లంబర్లు వాడే తెల్లటి టెఫ్లాన్ టేపు ఒక చుట్టు చుడితే గానీ లొంగలేదు.

కటకం దాటిన కిరణం గుండ్రంగా ఉండదు, కోలగా ఉంటుంది. మా లెక్కలో ఒకవైపు ఒకటిన్నర మిల్లీమీటర్లు, ఇంకోవైపు అర. సన్నటి వైపే దూరం పోయేకొద్దీ ఎక్కువ విచ్చుకుంటుంది. దాంతో మా గోడ దగ్గరికొచ్చేసరికి రెండువైపులా దాదాపు సమానమై చుక్క గుండ్రంగా పడింది. అది మా తెలివి కాదు, గ్యారేజీ కొలత కలిసొచ్చింది. వాట్ల శక్తి ఉన్న నీలం డయోడ్లతో ఈ అదృష్టం ఉండదు. వాటి కాంతి పుట్టే చోటు వెడల్పు. అది 40 మైక్రాన్లనుకుంటే ఇదే కటకంతో మూడు మీటర్లలో మూడు సెంటీమీటర్ల గీత అవుతుంది. స్తూపాకార కటకాలు పెట్టి సరిచేసుకోవాల్సిందే. అసలు ఆ శక్తితో ఇళ్లలో ఆటలు వద్దని మా మాట.

సర్దుతున్నప్పుడు మాత్రం మా చిన్న డయోడ్‌ని కూడా నమ్మలేదు. 520 నానోమీటర్లని పదివేల వంతుల్లో ఒక వంతుకి తగ్గించే కళ్లద్దాలు పెట్టుకున్నాం. ఉంగరాలు, గాజులు, వాచీలు తీసి పళ్లెంలో పెట్టించాం. ఆ కళ్లద్దాల్లోంచి చుక్క కనపడదు, అందుకని దాన్ని ఫోను కెమెరా తెరమీద చూసుకున్నాం.

గ్యారేజీ చలి

ల్యాబ్‌లో పనిచేసే మిత్రుడు కాంతి కొలిచే మీటరు తెచ్చాడు. వంటగది బల్ల మీద 4 మిల్లీవాట్లకి సరిచేసి, ధీమాగా గ్యారేజీలోకి పట్టుకెళ్లాం. ఎందుకైనా మంచిదని ఆ పిల్లే మళ్లీ కొలవమంది. 6 దాటింది! కరెంటు మారలేదు, మారింది వేడి. చల్లబడితే డయోడ్ తక్కువ కరెంటుకే లేజర్‌గా మొదలవుతుంది, మిగతా కరెంటంతా వెలుగవుతుంది. డ్రైవర్ ఎంత బాగున్నా కాపలా కాసేది కరెంటునే, కాంతిని కాదు. కొన్ని డయోడ్లలో కాంతిని చూసి కరెంటు తగ్గించమని చెప్పే చిన్న సెన్సర్ లోపలే ఉంటుంది. మాదాన్లో లేదు. గ్యారేజీలోనే గంటసేపు వణుకుతూ మళ్లీ 4కి దించాం. ఆ పిల్ల అడక్కపోయి ఉంటే పెట్టుకున్న ఒట్టు తెలియకుండానే తప్పేవాళ్లం.

భోగి రాత్రి తలుపు దించి లైట్లు ఆపాం. తలుపు ఎందుకంటే నెవార్క్ విమానాలు మా ఇళ్ల మీదుగానే దిగుతాయి. విమానం మీద లేజర్ వేస్తే 2012 చట్టం ప్రకారం ఐదేళ్ల దాకా జైలు. 2023లో దేశం మొత్తమ్మీద ఇలాంటివి 13,304 నమోదయ్యాయి. రెండు బుల్లి మోటార్లకి కాస్త వంచి అతికించిన అద్దాల మీంచి కిరణం గోడకెక్కింది. మెలికలు మెలికలుగా ఆకుపచ్చటి ముగ్గు... పిల్లలు ఒకటే కేకలు.

గుంటూరు నుంచి వచ్చి ఉన్న నాయనమ్మ కుర్చీలోంచి కాసేపు చూసి, "బానే ఉంది గానీ మెలిక కలవలేదురా. ఎక్కడ మొదలెట్టారో అక్కడికే రావాలి" అన్నారు. నిజమే. రెండు మోటార్ల వేగాలు సరిగ్గా పూర్ణాంకాల నిష్పత్తిలో లేకపోతే ముగ్గు మూసుకోదు, నెమ్మదిగా తిరుగుతూనే ఉంటుంది. ఇప్పుడు మోటార్ల డ్రైవర్ మొదలుపెట్టాం.