ఇంటి ముందు కారు ఆపి ఫోటోలు తీస్తున్నారా? ఆ ఏజెంట్ ఎవరు.. ఆ ఫోటోలతో ఏం తేలుస్తారు?

అమెరికాలోని టెక్సాస్.. డల్లాస్ పక్కన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఫ్రిస్కో లాంటి ఊరు అనుకోండి. మధ్యాహ్నం పూట వీధిలో ఓ కారు వచ్చి ఆగింది. ఒకాయన దిగి ఇంటికి ఎదురుగా నిలబడి ఫోన్‌తో ఓ ఫోటో తీశారు. గోడ మీద ఇంటి నంబర్‌ని దగ్గర నుంచి ఇంకోటి తీశారు. తర్వాత వీధికి అటువైపు ఒకటి, ఇటువైపు ఒకటి. బెల్ కొట్టలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. ఐదు నిమిషాల్లో కారెక్కి వెళ్లిపోయారు.

డోర్‌బెల్ కెమెరాలో ఈ వీడియో చూసిన ఇంటి యజమానికి మొదట వచ్చే అనుమానం ఒక్కటే.. దొంగతనానికి రెక్కీ చేస్తున్నారా? కానీ ఆ యజమాని ఉద్యోగం పోయి, రెండు మూడు నెలలుగా ఇంటి లోన్ కట్టలేకపోతుంటే కథ వేరే. ఆ వచ్చినాయన చాలా వరకు రియల్ ఎస్టేట్ ఏజెంట్ అయ్యుంటారు. పంపింది లోన్ ఇచ్చిన బ్యాంకే. ఇల్లు ఇప్పుడు ఎంతకు అమ్ముడుపోతుందో చెప్పమని అడిగింది. ఆ అంచనా మీదే ఆ కుటుంబం ఇంట్లో ఉంటుందా, ఇల్లు చేతులు మారుతుందా అన్నది చాలా వరకు ఆధారపడి ఉంటుంది.

అసలు ఏంటీ బీపీఓ?

బీపీఓ అనగానే మనకు కాల్ సెంటర్, నైట్ షిఫ్ట్ గుర్తొస్తాయి. అమెరికా ఇళ్ల మార్కెట్‌లో ఈ మూడక్షరాలకు అర్థం వేరు. బ్రోకర్ ప్రైస్ ఒపీనియన్.. అంటే ఇంటి ధర మీద బ్రోకర్ లేదా ఏజెంట్ రాసిచ్చే అభిప్రాయం. లైసెన్స్ ఉన్న అప్రైజర్ చేసే పూర్తి స్థాయి వాల్యుయేషన్ కాదిది. అప్రైజల్‌కు వందల డాలర్లు అవుతాయి, టైమ్ కూడా పడుతుంది. బీపీఓకు ఏజెంట్‌కు ఇచ్చేది చాలాసార్లు పదుల డాలర్లలోనే ఉంటుంది. రెండు మూడు రోజుల్లో రిపోర్ట్ చేతికి వస్తుంది. వేల లోన్లు చూసుకునే సంస్థలకు ఇది చౌక, తేలిక.

అయితే దీనికి ఓ హద్దు ఉంది. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత 2010లో అమెరికా డాడ్-ఫ్రాంక్ చట్టం తెచ్చింది. దాని ప్రకారం ఎవరైనా తాము ఉండటానికి ఇల్లు కొంటూ లోన్ తీసుకునేటప్పుడు, ఆ ఇంటి విలువను తేల్చడానికి బీపీఓను ప్రధాన ఆధారంగా వాడకూడదు. అందుకే కొత్త లోన్ల దగ్గర కంటే, ఇప్పటికే ఉన్న లోన్ల విషయంలోనే బీపీఓలు ఎక్కువగా కనిపిస్తాయి.

ఎప్పుడు పంపిస్తారు?

లోన్ కిస్తీలు ఆగిపోయినప్పుడు ఎక్కువగా పంపిస్తారు. కిస్తీ తగ్గించి లోన్‌ను మార్చాలా, బాకీ కంటే తక్కువకు ఇల్లు అమ్ముకోనివ్వాలా, లేక ఫోర్‌క్లోజర్‌కు వెళ్లాలా అని బ్యాంకు లెక్క వేసుకుంటుంది. ఇక్కడ ఓ మాట. మన దగ్గర లోన్ గడువుకు ముందే మొత్తం కట్టేయడాన్ని ఫోర్‌క్లోజర్ అంటాం. అమెరికాలో మాత్రం బాకీ కట్టలేదని ఇంటిని స్వాధీనం చేసుకుని అమ్మేయడం అని అర్థం. ఇండియాలో ఉన్న అమ్మానాన్నలకు ఫోన్‌లో ఈ మాట చెబితే లోన్ తీరిపోయిందని సంతోషించే ప్రమాదం ఉంది!

బీపీఓ అనగానే చెడ్డ వార్తే అనుకోనక్కర్లేదు. ఇల్లు కొన్నప్పుడు 20 శాతం కంటే తక్కువ డౌన్‌పేమెంట్ కట్టినవాళ్లు సాధారణంగా ప్రతి నెలా పీఎంఐ అనే ఇన్సూరెన్స్ కడుతుంటారు. ఇంటి ధర పెరిగింది, ఇక దాన్ని తీసేయండి అని వాళ్లు అడిగినప్పుడు కూడా బ్యాంకు కొన్నిసార్లు ఇలాగే ధర తెప్పించుకుంటుంది. ఒక బ్యాంకు తన దగ్గరున్న లోన్లను గంపగుత్తగా వేరే సంస్థకు అమ్మేటప్పుడు కూడా ఇది అవసరమవుతుంది. ఇలాంటి సందర్భంలో కిస్తీలు ఠంచనుగా కట్టేవాళ్ల ఇంటి ముందు కూడా కారు ఆగొచ్చు.

సరే, ధర చెప్పడానికి ఫోటోలు ఎందుకు?

చుట్టుపక్కల ఏ ఇల్లు ఎంతకు పోయిందో ఏజెంట్ల డేటాబేస్‌లో ఉంటుంది. ఇంట్లో కూర్చునే ధర చెప్పేయొచ్చు కదా అనిపిస్తుంది. ఫోటోలు అడగడానికి కారణాలు ఇవీ..

మొదటిది, వెళ్లారు అనడానికి రుజువు. ఫీజు తక్కువ, దూరం ఎక్కువ. ఇంటి వైపు వెళ్లకుండానే రిపోర్ట్ రాసేయాలని ఎవరికైనా అనిపించొచ్చు. ఆ తేదీన తీసిన ఫోటో ఉంటే ఆ అవకాశం తగ్గుతుంది.

రెండోది, సరైన ఇల్లేనా అన్న నిర్ధారణ. ఒకే బిల్డర్ కట్టిన కాలనీలో ఇళ్లన్నీ అచ్చు గుద్దినట్టు ఉంటాయి. పక్కింటి ధర ఈ ఇంటికి రాస్తే మొత్తం లెక్క తప్పుతుంది. అందుకే ఇంటి నంబర్, వీధి పేరు బోర్డు కూడా ఫోటో తీస్తారు.

మూడోది, ఇంటి పరిస్థితి. రిపోర్ట్‌లో 'బాగుంది' అని ఒక్క మాట రాయడం తేలిక. ఫోటోలో పైకప్పు మీద నీలం టార్పాలిన్ కనిపిస్తే? ఎక్కడో వేరే రాష్ట్రంలో కూర్చుని ఆ రిపోర్ట్ చెక్ చేసే ఉద్యోగికి అనుమానం వస్తుంది. ఇంటిని ఎప్పుడూ చూడని ఆ ఉద్యోగికి ఆ ఫోటోలే కళ్లు.

నాలుగోది, ఇంట్లో మనుషులు ఉన్నారా లేదా అన్నది. గడ్డి మోకాలెత్తు పెరిగిందా, గుమ్మం దగ్గర పేపర్లు, ఉత్తరాలు గుట్ట పడ్డాయా, కిటికీలకు కర్టెన్లు ఉన్నాయా అని చూస్తారు. ఖాళీ ఇల్లయితే బ్యాంకు చేసే పనులే మారిపోతాయి. చలి ప్రాంతాల్లో అయితే నీళ్లు గడ్డకట్టి పైపులు పగలకుండా ముందే జాగ్రత్త పడాల్సి ఉంటుంది.

ఐదోది, చుట్టుపక్కల వాతావరణం. ఎదురుగా పార్క్ ఉందా, పెట్రోల్ బంకు ఉందా, పక్కన హైవే వెళ్తోందా.. వీధికి రెండు వైపులా ఫోటోలు తీసేది ఇందుకే. అయితే ఆ వీధిలో ఏ జాతి వాళ్లు, ఏ మతం వాళ్లు ఉంటున్నారన్నది ధరకు కొలమానం కాకూడదు. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ఇళ్ల విషయంలో ఇలాంటి వివక్షను నిషేధించింది.

బయటి నుంచా.. లోపలికా?

బీపీఓలు రెండు రకాలు. ఒకటి డ్రైవ్-బై. ఏజెంట్ రోడ్డు మీద నుంచే చూసి, ఫోటోలు తీసుకుని వెళ్లిపోతారు. యజమాని ఇంకా ఇంట్లోనే ఉన్నప్పుడు ఎక్కువగా ఇదే చేస్తారు. అందుకే బెల్ కొట్టరు, పలకరించరు. రోడ్డు మీద నుంచి కనిపించేదాన్ని ఫోటో తీయడం సాధారణంగా అమెరికాలో తప్పు కాదు. మనుషులు, ముఖ్యంగా పిల్లలు ఫ్రేమ్‌లో పడకుండా చూసుకోవడం ఏజెంట్లు పాటించాల్సిన మర్యాద.

రెండోది ఇంటీరియర్ బీపీఓ. ముందే అపాయింట్‌మెంట్ తీసుకుని లోపలికి వస్తారు. హాలు, వంటగది, ప్రతి బెడ్‌రూమ్, ప్రతి బాత్‌రూమ్, పెరడు అన్నీ ఫోటోలు తీస్తారు. గోడ మీద చెమ్మ, సీలింగ్ మరకలు, విరిగిన తలుపు లాంటివి ఉంటే వాటిని విడిగా తీస్తారు.

ఆ తర్వాత లెక్క మొదలవుతుంది. అలాంటివే ఈ మధ్య అమ్ముడుపోయిన మూడు ఇళ్లు, ఇప్పుడు అమ్మకానికి ఉన్న మూడు ఇళ్లు తీసుకుని పోల్చడం సాధారణ పద్ధతి. ఉన్నది ఉన్నట్టు అమ్మితే ఎంత, రిపేర్లు చేయించి అమ్మితే ఎంత అని రెండు ధరలు రాస్తారు. త్వరగా వదిలించుకోవాలంటే ఎంత అని కొందరు మూడో ధర కూడా అడుగుతారు.

ఒక్క ఫోటోతో ఎంత తేడా?

ఓ లెక్క చూద్దాం. లోన్ బాకీ 3 లక్షల 60 వేల డాలర్లు అనుకోండి. చుట్టుపక్కల అలాంటి ఇళ్లు 4 లక్షల డాలర్ల చుట్టూ అమ్ముడయ్యాయి. అమ్మకం ఖర్చులు 6 శాతం అనుకుందాం. ఇల్లు 4 లక్షలకు పోతే ఖర్చులు 24 వేలు. చేతికి వచ్చేది 3 లక్షల 76 వేలు. బాకీ తీరి ఇంకా 16 వేల డాలర్లు మిగులుతాయి.

ఇప్పుడు అదే ఇంటి ఫోటోలో పైకప్పు పాడైనట్టు కనిపించింది. ఏజెంట్ 3 లక్షల 70 వేలు అని రాశారు. ఖర్చులు 22,200 పోతే చేతికి వచ్చేది 3,47,800. బాకీ తీరడానికి ఇంకా 12,200 డాలర్లు తక్కువ. మామూలుగా ఇల్లు అమ్ముకుని బయటపడే దారి మూసుకుపోయి, కాస్త తగ్గించి తీసుకోండి అని బ్యాంకును బతిమాలుకునే పరిస్థితి వస్తుంది. దాన్నే షార్ట్ సేల్ అంటారు.

హెచ్-1బీ వీసా మీద ఉన్నవాళ్లకు ఇది ఇంకా కీలకం. ఉద్యోగం పోతే సాధారణంగా గరిష్ఠంగా 60 రోజుల గడువే ఉంటుంది. ఆలోపు ఇంకో ఉద్యోగమో, ఇంకో వీసా దారో దొరకకపోతే ఇల్లు హడావిడిగా అమ్మాల్సి రావొచ్చు. అప్పుడు ప్రతి వెయ్యి డాలర్లూ లెక్కే.

ఇక బయటి ఫోటో చెప్పలేనిది కూడా చాలా ఉంటుంది. గతేడాది కొత్తగా చేయించిన వంటగది రోడ్డు మీద నుంచి కనిపించదు. బయట పెయింట్ మెరుస్తూ లోపల నేల కుంగినా తెలియదు. డ్రైవ్-బైలో లోపల కూడా బయటలాగే ఉందనుకుని ధర రాస్తారు. తప్పు ఎటువైపైనా జరగొచ్చు.

మీ ఇంటి ముందుకు వస్తే ఏం చేయాలి?

గొడవ పడొద్దు. మర్యాదగా ఎవరు, ఎందుకొచ్చారని అడగండి. ఎవరు పంపారో చెప్పే అధికారం వాళ్లకు ఉండకపోవచ్చు. వాళ్లు ఇచ్చిన నంబర్‌కు కాకుండా, మీ లోన్ స్టేట్‌మెంట్ మీద ఉన్న నంబర్‌కు ఫోన్ చేసి కనుక్కోండి. అక్కడ నిర్ధారణ కానిదే ఎవర్నీ లోపలికి రానివ్వొద్దు.

ఇంటీరియర్ బీపీఓ అయితే ముందే సిద్ధంగా ఉండండి. లైట్లన్నీ వేయండి. పాస్‌పోర్టులు, బ్యాంకు కాగితాలు, పిల్లల ఫోటోలు కనపడకుండా తీసేయండి. చేయించిన పనుల జాబితా, బిల్లులు ఏజెంట్ చేతికివ్వండి. రిపేర్లు ఉంటే దాచొద్దు. లోన్ మార్పు కోసం అడుగుతున్నప్పుడు ఇంటి నిజ పరిస్థితి బ్యాంకుకు తెలియడమే మంచిది.

ధర మరీ తప్పుగా వచ్చిందనిపిస్తే, దగ్గర్లో అమ్ముడైన ఇళ్ల వివరాలతో బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పండి. కిస్తీలు ఆగితే బ్యాంకు నుంచి వచ్చే ఉత్తరాలను పక్కన పడేయొద్దు. అమెరికా నిబంధనల ప్రకారం సొంతంగా ఉంటున్న ఇంటి విషయంలో సాధారణంగా బాకీ 120 రోజులు దాటేదాకా ఫోర్‌క్లోజర్ మొదలుపెట్టకూడదు. ఆ నాలుగు నెలలే మీ చేతిలో ఉన్న టైమ్. ప్రభుత్వ హౌసింగ్ శాఖ హడ్ ఆమోదించిన కౌన్సెలర్లు ఫోర్‌క్లోజర్ తప్పించుకోవడంపై ఉచితంగానే సలహా ఇస్తారు. మీ ఇల్లు కాపాడతాం, ముందు ఫీజు కట్టండి అని ఎవరైనా ఫోన్ చేస్తే మాత్రం అనుమానించండి.

మరి మన దగ్గర?

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఇంటి ధర తేల్చడానికి బ్యాంకులు బ్రోకర్‌ను పంపవు. తమ ప్యానెల్‌లో ఉన్న వాల్యుయర్‌ను పంపుతాయి. చాలాసార్లు ఆయన సివిల్ ఇంజినీర్ అయ్యుంటారు. ఫోటోలు మాత్రం ఇక్కడా తప్పవు. ఇల్లు ఎక్కడుందో లొకేషన్‌తో సహా పడేలా తీస్తారు. అనుమతి ప్లాన్‌లో రెండంతస్తులుండి, కట్టింది మూడైతే ఆ ఫోటోలోనే దొరికిపోతుంది.

లోన్ మొత్తం కూడా ఈ వాల్యుయేషన్ మీదే ఆధారపడుతుంది. రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం 30 లక్షలు దాటి 75 లక్షల లోపు ఇంటి లోన్లలో ఆస్తి విలువలో గరిష్ఠంగా 80 శాతమే ఇవ్వాలి. ఫ్లాట్‌కు 60 లక్షలని ఒప్పందం రాసుకుంటే 48 లక్షల లోన్ వస్తుందని లెక్కేసుకుంటాం. వాల్యుయర్ 55 లక్షలే అంటే వచ్చేది 44 లక్షలు. ఆ 4 లక్షలు అప్పటికప్పుడు చేతి నుంచి వేసుకోవాలి. అందుకే అడ్వాన్స్ ఇచ్చే ముందే వాల్యుయేషన్ సంగతి బ్యాంకులో అడగడం మేలు.

కిస్తీలు ఆగి బ్యాంకు 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద ఇల్లు వేలానికి పెట్టినా అంతే. ముందుగా బాకీ కట్టమని 60 రోజుల నోటీసు ఇవ్వాలి. వేలానికి ముందు వాల్యుయర్‌తో విలువ కట్టించి రిజర్వ్ ధర పెట్టాలి. ఆ ధర తక్కువగా ఉందనిపిస్తే దేని ఆధారంగా పెట్టారని అడగాల్సింది ఆ ఇంటి యజమానే. ఇండియాలో ఇల్లు, అమెరికాలో ఉద్యోగం ఉన్నవాళ్లు లోన్ తాలూకు చిరునామా, ఫోన్ నంబర్ ఎప్పటికప్పుడు బ్యాంకులో మార్పించుకోవాలి. నోటీసు పాత అడ్రస్‌కు వెళ్లి ఆగిపోతే, వాల్యుయర్ వచ్చి ఫోటోలు తీసుకెళ్లిన సంగతి కూడా పక్కింటివాళ్లు చెబితేనే తెలుస్తుంది.