వరదలో నెలలు నిండితే

రాయ్‌పూర్ నుంచి జగదల్‌పూర్, సుక్మా, కొంటా మీదుగా భద్రాచలం వచ్చేది 30వ నంబరు జాతీయ రహదారి. రాయ్‌పూర్ శంకర్ నగర్‌లో ఒకావిడకు నొప్పులొస్తే అదే ఊళ్లో మెడికల్ కాలేజీ ఆస్పత్రి ఉంది, ఎయిమ్స్ ఉంది. ఆ రోడ్డు మన వైపు దిగాక, చింతూరు ప్రాంతంలో సంగతి వేరు. గోదావరి పోటెత్తితే కూనవరం దగ్గర అందులో కలవాల్సిన శబరి వెనక్కి ఎగదన్ని ఊళ్లను చుట్టేస్తుంది. 2022 జులై 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 53 అడుగులకే. ఆ నీళ్లు చుట్టుముట్టిన ఊళ్లలో నెలలు నిండిన ఆడవాళ్లూ ఉన్నారు.

ఎంతమంది ఉంటారో లెక్క కట్టొచ్చు. ఏడాదికి వెయ్యి మందికి 20 జననాలనుకుంటే, పదివేల మంది తలదాచుకున్న శిబిరాల్లో ఏ రోజు చూసినా నూటయాభై మంది దాకా గర్భిణులుంటారు. సుమారు రెండు రోజులకో కాన్పు. వందలో పదిహేను మందికి ప్రాణం మీదికి తెచ్చే చిక్కు రావచ్చని అంతర్జాతీయ సహాయ సంస్థల అంచనా. అంటే నెలకు ఇద్దరు ముగ్గురు. ఎవరికి వస్తుందో ముందు చెప్పలేం, ఎందరికి వస్తుందో చెప్పగలం. బియ్యం, పప్పు, టార్పాలిన్లు తలల లెక్కన పంపగలిగిన యంత్రాంగానికి ఈ లెక్క కష్టమేమీ కాదు.

ప్రపంచం కూడా దీన్ని ఆలస్యంగానే పట్టించుకుంది. చాలాకాలం శరణార్థి శిబిరాల్లో తిండి, నీళ్లు, అంటురోగాల వరకే ఆలోచించేవారు. 1994 కైరో జనాభా సదస్సు తర్వాత ఐక్యరాజ్యసమితి సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు కలిసి పునరుత్పత్తి ఆరోగ్యానికి కనీస సేవల ప్యాకేజీ ఒకటి తయారుచేశాయి. పొట్టి పేరు 'మిస్ప్'. 2018లో దాన్ని సవరించారు. వీలైతే ఆపద వచ్చిన 48 గంటల్లోనే ఇది మొదలవ్వాలి. ముందు సర్వే చేసి, అవసరం రుజువయ్యాక చూద్దామనే వాయిదాకు అందులో చోటు లేదు. నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించే మాట అదే.

ఎందుకంత తొందరంటే, కాన్పు తర్వాతి రక్తస్రావం గంటలు లెక్కపెట్టనివ్వదు. నెలలు నిండేసరికి గర్భసంచికి నిమిషానికి అరలీటరు పైగా రక్తం ప్రవహిస్తుంటుంది. మాయ ఊడిన చోట రక్తనాళాల నోళ్లు తెరుచుకుంటాయి. వాటిని మూసేది కుట్లు కాదు, గర్భసంచి కండరమే. అడ్డదిడ్డంగా అల్లుకున్న దాని పోగులు బిగుసుకుని, మధ్యలోంచి వెళ్లే నాళాలను నొక్కేస్తాయి. కండరం బిగుసుకోకపోతే రెండు గంటల్లోనే తల్లి ప్రాణం పోవచ్చు.

బిగుసుకునేలా చేసే మొదటి మందు ఆక్సిటోసిన్ ఇంజెక్షన్. దాన్ని 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. వరదొస్తే ముందు పోయేది కరెంటే. అప్పుడు ఆదుకునేవి మిసోప్రోస్టాల్ మాత్రలు: 200 మైక్రోగ్రాములవి మూడు, బిడ్డ బయటికి వచ్చాక, కడుపులో కవల లేదని చూసుకున్నాకే మింగించాలి. వీటికి ఫ్రిజ్ అక్కర్లేదు, ఇంజెక్షన్ చేసే చెయ్యీ అక్కర్లేదు. అయితే తేమ తగిలితే పాడవుతాయి. అందుకే రెండు వైపులా అల్యూమినియం రేకున్న స్ట్రిప్పుల్లో రావాలి, వాడే క్షణం దాకా చింపకూడదు. వాన నీళ్లలో తడుస్తూ పడవలో వెళ్లే ఏఎన్ఎం సంచిలో ఆ రేకు చాలా ముఖ్యం. గుర్రపువాతానికి, అంటే గర్భిణులకు వచ్చే ఫిట్స్‌కు, మెగ్నీషియం సల్ఫేట్ కూడా అదే సంచిలో ఉండాలి.

గర్భిణి చేతికే ముందుగా ఇచ్చే కాన్పు కిట్ ఇంకా చిన్నది. సబ్బు, కింద పరచడానికి ప్లాస్టిక్ షీటు, కొత్త బ్లేడు, బొడ్డుతాడు కట్టే దారాలు, చేతి తొడుగులు, బిడ్డను తుడిచి చుట్టే గుడ్డ. ఆస్పత్రికి బదులు కాదది, ఆస్పత్రి అందని రాత్రికి.

మిస్ప్ కాన్పులతోనే ఆగదు. శిబిరంలో అత్యాచారానికి గురైన మనిషికి హెచ్ఐవీ సోకకుండా మందులు 72 గంటల్లోపు, గర్భం రాకుండా మాత్ర 120 గంటల్లోపు అందాలి. మామూలుగా వాడుకునే గర్భనిరోధక మాత్రలు ఇంట్లో మునిగిపోయినవాళ్లకు అవీ ఇవ్వాలి. వరద సాయం జాబితాల్లో ఇవి రాయడానికి మనవాళ్లకు మొహమాటం. ఆ మొహమాటం ఖరీదు ఆడవాళ్లే కడుతున్నారు.

మన దగ్గర గట్టి ఆధారం ఒకటుంది: ఆశా కార్యకర్త, ఏఎన్ఎం దగ్గరుండే కాన్పు తేదీల జాబితా. నీళ్లు రాకముందే తేదీ దగ్గరపడిన వాళ్లను ఆస్పత్రికో, గర్భిణుల వసతి గృహానికో చేర్చడం ఆ జాబితా వల్లే కుదురుతుంది. జాబితాలో పేరు లేనివాళ్ల సంగతే నన్ను కలవరపెడుతుంది. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వాజుడుం మొదలయ్యాక ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ నుంచి వేలమంది గుత్తికోయ ఆదివాసులు పారిపోయి అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లో గుడిసెలేసుకున్నారు. కాగితాలు లేవు, చాలా ఆవాసాలకు రోడ్డే లేదు. అంతర్జాతీయ వైద్య సహాయ సంస్థ ఎంఎస్ఎఫ్ డాక్టర్లు రాష్ట్ర సరిహద్దుకు ఇటూ అటూ సంచార వైద్యశాలలు నడిపారు. సుప్రీంకోర్టు 2011 జులై 5న సల్వాజుడుంను తప్పుబట్టింది కానీ, వచ్చినవాళ్లలో ఎందరో ఇక్కడే ఉండిపోయారు.

వాళ్ల గుడిసెల్లోనూ కాన్పు తేదీలు రాసుకోవాలి, ఆధార్ ఉందా లేదా అని చూడకుండా. కొంటా జాబితా ఛత్తీస్‌గఢ్‌ది, చింతూరుది ఆంధ్రది, కష్టమైన కాన్పులు చేరేదేమో తెలంగాణలోని భద్రాచలం ఆస్పత్రికి. జూన్ వానలకు ముందే ఈ జాబితాలన్నీ ఆ ఆస్పత్రి కాన్పుల వార్డులో ఉండాలి.