హాస్టల్‌కు తాళం పడ్డాక

2020 మార్చి మూడో వారంలో హాస్టళ్లు ఖాళీ చేయమన్నారు. పదిహేను రోజుల్లో తిరిగొస్తామనుకుని పిల్లలు రెండు జతల బట్టలు సర్దుకుని బస్సెక్కారు. పుస్తకాలు, రికార్డులు గదుల్లోనే ఉండిపోయాయి. మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. క్లాసు ఫోన్లోకి మారింది.

ఆన్‌లైన్ చదువు అనగానే సిగ్నల్ కోసం డాబాలెక్కిన పిల్లలే గుర్తొస్తారు. 2017-18 జాతీయ నమూనా సర్వే నాటికి పల్లెల్లో కంప్యూటరున్న ఇళ్లు నూటికి 5 కూడా లేవు. రోజుకు 1.5 జీబీ ప్యాకేజీ రెండు మూడు వీడియో క్లాసులకే చెల్లు. అయితే డేటా కంటే ముందు ఆ పిల్లలు పోగొట్టుకున్నది కూర్చుని చదువుకునే చోటు. హాస్టల్లో కూలీ బిడ్డకూ, ఉద్యోగి బిడ్డకూ ఒకటే ట్యూబులైటు, ఒకటే లైబ్రరీ. ఇంటికి పంపేశాక ఎవరి ఇల్లు ఎలా ఉంటే వాళ్ల చదువు అలా సాగింది.

రెండు గదుల ఇంట్లో డిగ్రీ చదివే అమ్మాయి సంగతి చూడండి. ఇంటిల్లిపాదికీ ఒకటే స్మార్ట్‌ఫోను. పదింటికి తన కెమిస్ట్రీ, అదే పదింటికి తమ్ముడి తొమ్మిదో తరగతి లెక్కలు. చాలాసార్లు ఫోను తమ్ముడికే. తనకు దక్కిన రోజున ఒక చెవిలో ఇయర్‌ఫోను, చేతిలో గరిటె. కుక్కర్ కూత అవతలికి వినపడకుండా మైకు మ్యూట్. సార్ రోల్ నంబరు పిలవగానే తడిచెయ్యి చున్నీకి తుడుచుకుని, ‘ప్రెజెంట్ సార్’ అని మళ్లీ మ్యూట్. ‘ఇంట్లోనే ఉన్నావు కదే, కూర చూడు’ అనే తల్లిని తప్పుపట్టలేం. ఆమె పనికి పోకపోతే నెలాఖరుకు రీచార్జి ఉండదు.

హాజరు పడింది. ల్యాబ్ మాటేమిటి? టైట్రేషన్ వీడియోలో చూశారు. బ్యూరెట్ మర తిప్పుతూ, ఫ్లాస్కులో లేత గులాబీ రంగు నిలిచే ఆ ఒక్క చుక్క దగ్గర ఆపడం చేతికి అలవాటు కావాల్సిన పని. అటువైపు లెక్చరర్లు నల్లటి గడులను చూస్తూ ‘వినిపిస్తోందా?’ అంటూ పాఠాలు చెప్పారు. జీతాలు ఆగిపోయి ఉపాధి హామీ పనులకు వెళ్లిన ప్రైవేటు అధ్యాపకులూ ఉన్నారు.

చోటు కోసం బెంగ అమెరికాలోని మన పిల్లలకూ తప్పలేదు. క్లాసులన్నీ ఆన్‌లైన్‌లోనే అయితే విదేశీ విద్యార్థులు దేశం విడిచి పోవాలని 2020 జులై 6న అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. హార్వర్డ్, ఎంఐటీ కోర్టుకెళ్లాయి. 14న ఉత్తర్వు వెనక్కి పోయేదాకా గుంటూరు నుంచి కరీంనగర్ దాకా ఎన్ని ఇళ్లలో నిద్ర పట్టి ఉంటుంది! అదే 6న ఇక్కడ యూజీసీ చివరి ఏడాది పరీక్షలు సెప్టెంబరు నెలాఖరులోగా జరగాల్సిందేనంది. ఆగస్టు 28న సుప్రీంకోర్టూ దాన్ని సమర్థించింది. పరీక్ష పెట్టడానికి చూపిన పట్టుదలలో సగమైనా చదువుకునే చోటు చూపడంలో ఉండాల్సింది.

లాక్‌డౌన్ సడలించాక కూడా నెలల తరబడి ఊరి హైస్కూలు గదులు ఖాళీగానే ఉన్నాయి. బల్లలున్నాయి, ఫ్యాన్లున్నాయి. కిటికీలు తెరిచి, దూరం దూరంగా పదిమంది డిగ్రీ పిల్లలను కూర్చోబెట్టి, ఒక వైఫై కనెక్షన్ ఇచ్చి ఉంటే ఆ అమ్మాయి రోజుకు మూడు గంటలైనా గరిటె పక్కన పెట్టేది. మళ్లీ కాలేజీలు మూతపడే రోజొస్తే ఏ ఊళ్లో ఏ గది తెరవాలో, తాళం ఎవరి దగ్గరుంటుందో విశ్వవిద్యాలయాలు ఇప్పుడే జిల్లా అధికారులతో కూర్చుని రాసిపెట్టుకోవాలి.