బండి వచ్చింది సరే... వెనక ఎక్కించుకోవచ్చా?

కొత్తగా మోటారు సైకిలు నేర్చినవారికి ఊళ్లో మొదటి పరీక్ష ‘బాబూ, కాస్త సంతదాకా దింపు’ అన్న మాటే. కాదనాలంటే మొహమాటం. కానీ ఎల్‌.ఎల్‌.ఆర్‌. మీద ఉన్నంతకాలం కాదనాల్సిందే. బండి నేర్పేవారిని తప్ప మరొకరిని ఎక్కించుకోరాదు.

లైసెన్సు వచ్చాక? అదొక్కటే చాలదు. వెనక మనిషి ఎక్కితే బండి తీరే మారుతుంది. ఆగడానికి ఇంకాస్త దూరం పడుతుంది. మెల్లగా పోయేటప్పుడు హ్యాండిల్ ఊగుతుంది. ఆడవాళ్లు ఒక పక్కకు కూర్చుంటే బరువు అటే లాగుతుంది.

కనుక ముందు ఒంటరిగా మూడు పనులు చేతికి రావాలి. కాలు కింద పెట్టకుండా, మనిషి నడక వేగంతో బండి నడపాలి. కాలువగట్టు ఎక్కుతూ మధ్యలో ఆపి, వెనక్కి జారకుండా మళ్లీ కదిలించాలి. రెండు బ్రేకులూ కలిపి నొక్కి, బండి జారకుండా ఆపాలి.

తొలిసారి బండి నడపడం తెలిసినవారినే ఎక్కించుకోండి. అదీ పగటిపూట, ఖాళీ రోడ్డు మీద. పిల్లలూ ముసలివాళ్లూ తర్వాతే. వెనక టైరులో ఇద్దరికి సరిపడా గాలి ఉందా? కొంగు చక్రంలో పడకుండా శారీ గార్డు ఉందా? చూసుకోండి. హెల్మెట్ ఇద్దరికీ తప్పదు.

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం వెనక ఒక్కరే కూర్చోవాలి. మూడో మనిషి ఎంత దగ్గరి చుట్టమైనా బస్సులో రావలసిందే!