గుండె పై గదులకు, క్రింది గదులకు గల సంబంధం

గుండెలోని పై గదులు కర్ణికలు, క్రిందివి జఠరికలు. రక్తం కవాటాలగుండా దిగుతుంది. కాని కండరాన్ని ముడుచుకొమ్మని చెప్పే విద్యుత్ సంకేతానికి ఆ దారి లేదు. నడుమనున్న నారపొర దానిని అడ్డగిస్తుంది. దానికున్నది ఒక్క సన్నని కండరకట్ట మాత్రమే. 1893లో హిస్ అనే వైద్యుడు దానిని వర్ణించాడు. దాని మొదట గల ముడిని 1906లో జపాను శాస్త్రజ్ఞుడు తవారా వివరించాడు. ఆ ముడివద్ద సంకేతం సెకనులో సుమారు పదోవంతు ఆలస్యమవుతుంది. మేలే! ఆలోగా జఠరికలు నిండుతాయి.

ఈ మార్గం పూర్తిగా మూసుకుపోతే పై గదుల లెక్క వేరు, క్రింది గదుల లెక్క వేరు. నాడి నిమిషానికి 40కి, అంతకు దిగువకూ పడిపోవచ్చు. ఇబ్న్ సీనా తన ‘అల్ ఖానూన్’లో నబ్జ్ పరీక్షను విపులంగా చర్చించాడు. శావల్యాపురం వంటి ఊళ్ళలో వృద్ధులెవరైనా కళ్ళు తిరిగి పడిపోతే నీరసమని సరిపెట్టుకోరాదు. మణికట్టు పట్టి నిమిషంపాటు లెక్కించాలి. నాడి మరీ మందమైతే వెంటనే ఆస్పత్రిలో ఇ.సి.జి. తీయించాలి. అవసరమైతే అమర్చే పేస్‌మేకర్ తీగ, ఆ కట్ట మోయలేని సంకేతాన్ని జఠరికకు అందిస్తుంది.