పీవీ సీఎంగా ఉన్న 15 నెలలు: కుర్చీ పోయింది, చట్టాలు మిగిలాయి

మట్టెవాడ నుంచి మీ హోస్ట్‌ని. ఈ ఎపిసోడ్ పీవీ నరసింహారావు గారి మీద.

"అన్నా, 1991 ఆర్థిక సంస్కరణలే కదా, వంద వీడియోలు చూసినం" అంటారని తెలుసు. ప్రధాని పీవీ గురించి చాలామంది చెప్పారు. ఈ రోజు నేను చెప్పేది అంతకు 20 ఏళ్ల ముందు ఉన్న ముఖ్యమంత్రి పీవీ గురించి. దాదాపు 15 నెలలే ఉన్నారు, తర్వాత రాజీనామా చేయాల్సి వచ్చింది. కానీ మీరు గ్రూప్స్‌కో డీఎస్సీకో అప్లై చేస్తే ఫారంలో "లోకల్ / నాన్‌లోకల్" అని ఒక కాలమ్ ఉంటుంది చూడండి, దాని కథ ఆ 15 నెలల్లోంచే వెళ్తుంది.

ముందు మనిషి గురించి. 1921 జూన్ 28న మన నర్సంపేట దగ్గర లక్నేపల్లిలో పుట్టారు. చిన్నప్పుడే వంగరకి దత్తత వెళ్లారు. హన్మకొండలో చదువుకున్నారు, తర్వాత నాగపూర్‌లో లా చేశారు. ఇంకో లోకల్ విషయం: 1948 తర్వాత వరంగల్ నుంచి "కాకతీయ పత్రిక" వచ్చేది. పాములపర్తి సదాశివరావు గారు, పీవీ కలిసి నడిపారు. ఇద్దరి కలం పేరు "జయ-విజయ".

1952లో పార్లమెంటుకి పోటీ చేసి ఓడిపోయారు. 1957లో మంథని ఎమ్మెల్యే అయ్యారు, అక్కడే వరుసగా నాలుగు సార్లు గెలిచారు. న్యాయ, దేవాదాయ, ఆరోగ్య, విద్యా శాఖలు చూశారు. 1969 తెలంగాణ ఉద్యమం తర్వాత కాసు బ్రహ్మానందరెడ్డి గారు దిగిపోవడంతో 1971 సెప్టెంబర్ 30న పీవీ సీఎం అయ్యారు. తెలంగాణ ప్రాంతం మనిషి. వెనక పెద్ద కుల బలం లేదు, సొంత గ్రూపు లేదు. ఆయన బలమంతా ఇందిరా గాంధీ నమ్మకమే. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

మొదటి పని: భూమి

1972 ఎన్నికల్లో కాంగ్రెస్ భారీగా గెలిచింది. పీవీ చాలామంది కొత్తవాళ్లకి, బీసీలకి టికెట్లు ఇప్పించారు. పాత పెద్దమనుషులకి అక్కడే కోపం మొదలైంది. ఆ వెంటనే భూ పరిమితి ముట్టుకున్నారు. అంటే ఒక కుటుంబం ఇంతకంటే ఎక్కువ భూమి ఉంచుకోకూడదు, మిగిలింది ప్రభుత్వానికి, అక్కడి నుంచి పేదలకి.

అసలు తెలివి ఎక్కడుందంటే, చట్టం వస్తుందని తెలిస్తే ఎవరైనా ఏం చేస్తారు? రాత్రికి రాత్రే తమ్ముడి పేరు మీదో, పాలేరు పేరు మీదో రాసేస్తారు. అందుకే ముందు అమ్మకాల మీదే బ్రేక్ వేశారు. 1972లోనే వ్యవసాయ భూముల బదలాయింపుని నిషేధించారు, పట్టణాల్లో ఖాళీ స్థలాలకి కూడా అలాంటి చట్టమే తెచ్చారు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, రిలీజ్‌కి ముందు కోడ్ ఫ్రీజ్. ఎవరూ ఏదీ మార్చకుండా ఆపేసి, తర్వాత అసలు మార్పు చేయడం.

అసలు చట్టం 1973లో మొదటి నంబర్ చట్టంగా వచ్చింది. ఐదుగురు ఉన్న కుటుంబానికి, నేలని బట్టి, తరి అయితే 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు. అంతే. వంగరలో పీవీ కుటుంబానికే వందల ఎకరాలు ఉండేవి. అంటే ఆయన చట్టం ముందు ఆయన ఇంటి తలుపే తట్టింది.

ఇప్పుడు ఆలోచించండి. అప్పటి అసెంబ్లీలో, కేబినెట్‌లో ఎంతమంది భూస్వాములు ఉండి ఉంటారు? తను కూర్చున్న కుర్చీని మోస్తున్నవాళ్ల భూమినే ముట్టుకున్నాడాయన.

రెండో విషయం: ఉద్యోగం

ముల్కీ అంటే స్థానికుడు. నిజాం కాలంలో, 1919 ఫర్మానా ప్రకారం, హైదరాబాద్ రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగం కావాలంటే అక్కడ పుట్టి ఉండాలి, లేదా 15 ఏళ్లు ఉండి ఉండాలి. బయటివాళ్లకి ఉద్యోగాలు ఇస్తున్నారని 1952లో స్టూడెంట్స్ రోడ్డెక్కారు. ఆ గొడవ మొదలైంది మన వరంగల్‌లోనే.

1956లో ఆంధ్ర, తెలంగాణ కలిశాక ఇది ఇంకా ముదిరింది. రెండు వైపులా బాధ నిజమే. తెలంగాణ పిల్లాడు "మా ఉద్యోగాలు మాకేవి?" అన్నాడు. ఆంధ్ర పిల్లాడు "హైదరాబాద్ నాకూ రాజధానే కదా, అక్కడ నేను పరాయివాడినా?" అన్నాడు.

1972 ఫిబ్రవరిలో హైకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లవంది. అక్టోబర్ 3న సుప్రీంకోర్టు చెల్లుతాయంది. తీర్పు వచ్చాక, ఇక విషయం తేలిపోయినట్టే అన్న అర్థం వచ్చేలా పీవీ మాట్లాడారు. లా చదివిన మనిషిగా అది కరెక్టే. కానీ ఆయన రెండు ప్రాంతాలకీ సీఎం. "మన సీఎం కాదు, వాళ్ల సీఎం" అని ఆంధ్రలో ఒక్కసారిగా అంటుకుంది. అదే జై ఆంధ్ర ఉద్యమం. వెంకయ్యనాయుడు గారు విద్యార్థి నాయకుడిగా పేరు తెచ్చుకున్నది ఇందులోనే. ఉద్యోగులు సమ్మె చేశారు, కాల్పుల్లో ప్రాణాలు పోయాయి, ఆంధ్ర ప్రాంత మంత్రులు రాజీనామా చేశారు.

ఉద్యమం ముల్కీ కోసమా, భూ చట్టం మీద కోపమా? స్టూడెంట్స్‌ది ఉద్యోగం బాధ, అందులో అనుమానం లేదు. కానీ భూమి పోతుందని భయపడ్డ పెద్దలకి కూడా పీవీ దిగిపోవడమే కావాలి. రెండు వేర్వేరు కోపాలు ఒకే మనిషి మీదికి వచ్చాయి. ఆయన వెనక సొంత గ్రూపు లేదన్నాను కదా, ఆ లోటు ఇక్కడ తెలిసింది. 1973 జనవరిలో రాజీనామా చేశారు. జనవరి 18న రాష్ట్రపతి పాలన వచ్చింది. మళ్లీ ఎప్పుడూ ఆయన సీఎం కాలేదు.

మరి మిగిలిందేంటి?

1973 సెప్టెంబర్‌లో ఆరు సూత్రాల పథకం వచ్చింది. ముల్కీ నిబంధనలు పోయాయి. వాటి బదులు 32వ సవరణతో రాజ్యాంగంలోకి 371డి చేరింది. దాని కింద 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు, ఆరు జోన్లు. మన వరంగల్ ఐదో జోన్. తెలంగాణ వచ్చాక 2018లో ఉత్తర్వులు మారాయి. ఇప్పుడు మనది భద్రాద్రి జోన్, 95 శాతం పోస్టులు లోకల్‌కి, ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కడ చదివారన్నది లెక్క. బోనఫైడ్ కోసం మీరు పాత స్కూల్ చుట్టూ తిరిగేది అందుకే.

భూమి సంగతి అంత సాఫీగా లేదు. చట్టం అమల్లోకి వచ్చింది 1975 జనవరి 1న, పీవీ దిగిపోయి రెండేళ్లయ్యాక. ఈ లోపు, ఆ తర్వాత కూడా, కాగితాల మీద పంపకాలు, కోర్టు కేసులు నడిచాయి. రావాల్సినంత భూమి పేదల చేతికి రాలేదు. పీవీ చట్టం చేయించగలిగారు, అమలు చేయించేంత కాలం కుర్చీలో ఉండలేకపోయారు. ఆయన్ని హీరో చేసి ఈ మాట దాచేస్తే కథ సగమే చెప్పినట్టు.

ఇంకోటి మాత్రం నిశ్శబ్దంగా నిలబడింది. 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో రాష్ట్రంలోనే మొదటి గురుకుల పాఠశాల పెట్టించారు. మీలో గురుకులంలో చదివినవాళ్లు ఉంటే, ఆ దారి మొదలైంది అక్కడే.

తర్వాత ఢిల్లీ వెళ్లారు. 1977, 80లో హన్మకొండ ఎంపీ. 1984లో అదే హన్మకొండలో బీజేపీ చందుపట్ల జంగారెడ్డి గారి చేతిలో ఓడిపోయారు. ఆ ఏడాది దేశం మొత్తంలో బీజేపీకి వచ్చింది రెండే సీట్లు, అందులో ఒకటి మనది. మహారాష్ట్రలోని రాంటెక్‌లో కూడా నిలబడ్డారు కాబట్టి పార్లమెంటుకి వెళ్లగలిగారు. 1991 సంస్కరణలు, 1992 బాబ్రీ మసీదు కూల్చివేత, ఈ రెండింటికీ వేరే ఎపిసోడ్ కావాలి. 2004లో పోయారు, 2024లో భారతరత్న ప్రకటించారు.

నాకు అర్థమైంది ఒకటే ఫ్రెండ్స్. ఒక నాయకుడు ఎన్నేళ్లు కుర్చీలో ఉన్నాడన్న లెక్కతో ఆయన పని తేలదు. ఆయన ఎవరి జేబు ముట్టుకున్నాడు, ఆయన పోయాక ఏ కాగితం మిగిలింది, అది చూడాలి.

ఈ వారం ఒక పని చేయండి. ఇంట్లో తాతయ్యనో నానమ్మనో అడగండి: "సీలింగ్‌లో మన భూమి పోయిందా? మనకేమైనా వచ్చిందా?" రెండు జవాబుల్లో ఏదైనా సరే, కామెంట్‌లో రాయండి. ఊళ్లో ఎవరి పేర్లూ పెట్టకండి, కథ చాలు. ఉంటా మరి.