రికాయిల్, కొలంబస్, ఒక ట్రాలీ పిన్ను

మాది శామీర్‌పేట వైపు వ్యవసాయ కుటుంబం. రెండెకరాల వరి, ఇంత కూరగాయల తోట. ఇలాంటి ఇంటి నుంచి వచ్చిన బి.ఎస్సీ. విద్యార్థి సావనీర్‌కు వరి తెగుళ్ల మీద రాయాలి గాని రోలర్ కోస్టర్ మీద రాయడమేమిటని మిత్రులు నవ్వారు. కారణం ఉంది.

మూడేళ్ల కింద మా వైపు ఒక జాతరలో మా చెల్లె కొలంబస్ ఎక్కింది. పడవలాగా ఊగే ఆ ఊయల మీ అందరికీ తెలిసిందే. ఒళ్లో అడ్డంగా ఉండే ఇనుప కడ్డీ నడుమ ఊడింది. పిల్ల జారి ముందు సీటుకు గుద్దుకుంది, భుజం దగ్గర ఎముక విరిగింది. తర్వాత నేను పోయి చూస్తే కడ్డీని ఆపే పిన్నుకు క్లిప్పు లేదు. దానికి బదులు బైండింగ్ తీగ చుట్టి ఉంది. ట్రాక్టరుకు ట్రాలీ తగిలించేటప్పుడు అట్లా తీగ చుడితే మా నాయిన ఊరుకోడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో తిరిగేది, ఊగేది ఏదైనా బంద్.

మొన్న సెలవుల్లో చెల్లె రావిర్యాలలోని వండర్‌లాకు పోదామని పట్టుబట్టింది. "కొలంబస్‌కే బొక్క ఇరిగె. గాడ తలకిందులు తిప్పుతరట, సోయి ఉన్నదారా నీకు?" అన్నాడు నాయిన. ఆయనకు చెప్పిన జవాబే ఈ వ్యాసం.

2016లో తెరిచిన ఆ పార్కులో రికాయిల్ అనే రోలర్ కోస్టర్ ఉంది. నెదర్లాండ్స్‌కు చెందిన వెకోమా వారి బూమరాంగ్ నమూనా అది. రైలుకు ఇంజను లేదు. దాన్ని వెనక్కి, సుమారు 35 మీటర్ల ఎత్తుకు లాగి వదిలేస్తారు. మా తాత కాలంలో మోట బావి దగ్గర ఎద్దులు బొక్కెనను పైకి లాగినట్టే. లాగినప్పుడు పడ్డ కష్టమంతా ఎత్తు రూపంలో దాచి ఉంటుంది, వదిలితే వేగంగా మారుతుంది. 35 మీటర్లకు లెక్క కడితే గంటకు 94 కిలోమీటర్లు రావాలి. అసలు వేగం 75 చుట్టుపక్కలే. గాలి, రాపిడి కొంత తింటాయి, పైగా రైలు అంత ఎత్తు నుంచి పూర్తిగా నేల దాకా దిగదు. లెక్కలో రైలు బరువు రానే రాదు. బక్కవాడు కూర్చున్నా బొద్దువాడు కూర్చున్నా సూత్రం ఒకటే.

తలకిందులైతే ఎందుకు పడిపోము? జొన్న చేలో మంచె మీద నిలబడి ఒడిసెల తిప్పిన వాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. తిప్పుతున్నంత సేపు రాయి జారదు. అయితే ఆపితే జారుతుంది, అందుకే భుజాల మీదికి దిగే ఆ పట్టీలు.

అసలు చిక్కు లూప్ పైన కాదు, కింద. లూప్ అచ్చం గుండ్రంగా ఉండి, పైన పడిపోకుండా సరిపోయేంత వేగమే ఉందనుకుందాం. అప్పుడు కింద మన బరువు ఆరు రెట్లవుతుంది. 1895లో అమెరికాలోని కోనీ ఐలండ్‌లో గుండ్రటి లూప్‌తో ఫ్లిప్ ఫ్లాప్ రైల్వే కట్టి జనానికి మెడ నొప్పులు తెప్పించారు. 1976లో కాలిఫోర్నియాలోని రివల్యూషన్ అనే కోస్టర్‌కు వెర్నర్ స్టెంగెల్ అనే జర్మన్ ఇంజనీరు నీటిబొట్టు ఆకారపు లూప్ గీశాడు. కింద వెడల్పుగా మొదలై, పైకి పోనుపోను వంపు బిగుస్తుంది. శామీర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు దిగేటప్పుడు స్టీరింగు ఒక్కసారిగా కాకుండా కొద్దికొద్దిగా తిప్పుతాం కదా, అదే తంత్రం. అయినా బూమరాంగ్ నమూనాలో క్షణకాలం ఐదు రెట్ల దాకా పోతుంది. నేను 52 కిలోలు. ఆ క్షణాన నా మీద రెండున్నర క్వింటాళ్ల వడ్లు మోపినట్టు!

ఎక్కి దిగాక నా తీర్పు ఇది. గుండె జారడంలో రికాయిల్‌కు సాటి లేదు, ముఖ్యంగా అదే దారిలో వెనక్కి వచ్చేటప్పుడు. ముందేముందో కనబడదు మరి. సుఖం మాత్రం కొలంబస్‌దే. రికాయిల్ పట్టీలకు నా చెవులు రెండూ కొట్టుకున్నాయి, సాయంత్రం దాకా మెడ పట్టేసింది. వేగం మనిషిని బాధించదు, బలం టక్కున మారడం బాధిస్తుంది. దుక్కి దున్నిన చేలో ఖాళీ ట్రాలీ మీద కూర్చున్న వాడెవడైనా ఈ మాట ఒప్పుకుంటాడు.

ఇక భద్రత. కోస్టర్‌కు మూడు రకాల చక్రాలుంటాయి. పట్టా పైన నడిచేవి, పక్కన ఒరుసుకునేవి, కింద నుంచి పట్టుకునేవి. ఈ కింది చక్రానికి జాన్ మిల్లర్ అనే అమెరికన్ 1919లో పేటెంటు పొందాడు. అది ఉన్నంత కాలం రైలు పట్టా వదిలి ఎగరలేదు. అంతమాత్రాన కోస్టరంటే క్షేమమని కాదు. 2025 ఏప్రిల్‌లో ఢిల్లీలో ఒక యువతి రోలర్ కోస్టర్ నుంచి పడి చనిపోయింది. 2019 జులైలో అహ్మదాబాద్ కాంకరియా దగ్గర లోలకంలా ఊగే రైడ్ విరిగి ఇద్దరు పోయారు.

నేను నాయినకు చెప్పింది ఒక్కటే. రికాయిల్ పునాది కాంక్రీటులో ఉంది, దాన్ని ఎవరూ విప్పరు. జాతర కొలంబస్‌ను ఊరూరా విప్పి లారీలో వేసి మళ్లీ బిగిస్తారు. విప్పిన ప్రతిసారీ ప్రతి పిన్నూ ఊడుతుంది, ఏదో ఒకటి పోతుంది, దాని చోట తీగ వస్తుంది. భయపెట్టేది ఎత్తు, ఎముక విరగ్గొట్టింది తీగ.

నాయిన ఒప్పుకున్నాడు. తీరా పోతే, గేటు దగ్గర ఎత్తు కొలిచే కర్ర పెట్టి చెల్లెను ఆపేశారు. రెండు వేళ్లు తక్కువైంది. ఎంత బతిమాలినా ఆ కుర్రాడు వినలేదు. నేనొక్కణ్ణే ఎక్కాను, అది కింద నిలబడి ఏడ్చింది.

రాత్రి ఇంట్లో ఈ సంగతి చెబితే నాయిన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "గా కర్ర జాతరల ఎందుకు వెట్టలేదురా?" అన్నాడు. నేనేమీ అనలేకపోయాను. చెల్లె మాత్రం దర్వాజ పక్కన గోడకు ఆనుకొని నిలబడి, తల మీద పెన్సిలుతో గీత గీయమని నన్ను పిలిచింది.